‘హాని లేదు’ అంటే మందైపోతుందా?

మొత్తానికి నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని పంచిన పసరు మందుకు 2021 మే 31, సోమవారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పచ్చజెండా ఊపేసింది. ఆయన పి, ఎల్, ఎఫ్ రకం మందులు ఇచ్చుకోవచ్చన్నారు, కె రకం ప్రభుత్వ కమిటీకి చూపించలేదు కాబట్టి దానికి వద్దన్నారు, కంటి చుక్కల సంగతి నివేదికలొచ్చాక, అంటే రెండు మూడు వారాల తర్వాత చూస్తామన్నారు. ఇంత చేసి చెప్పిన కారణం ఒక్కటే: హాని లేదు. కరోనాను తగ్గిస్తుందని మాత్రం ఎవరూ తేల్చలేదు. మజ్జిగకీ హాని లేదు.

ఆనందయ్య పైసా తీసుకోలేదు, లక్షలు పోసినా బెడ్డు దొరకని రోజుల్లో జనం ఆయన గుమ్మం పట్టుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం. మా గొడవంతా సర్కారు ముద్రతోనే.

కోవిడ్ ముదిరితే వాపు వల్ల ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లోకి నీరు చేరుతుంది, ఆక్సిజన్ రక్తంలోకి దాటలేదు. కంట్లో వేసిన తేనె, ముళ్ల వంకాయ రసం ఆ నీటిని ఎలా తోడేస్తాయి? కళ్లు భగ్గుమంటే ఎవరైనా ఒక్కసారిగా గట్టిగా ఊపిరి లాగుతారు, వేలికి తగిలించిన ఆక్సీమీటరులో అంకె కాసేపు పైకెక్కొచ్చు, వీడియో తీసేంతసేపు. ఆ చుక్కలతో లేచి కూర్చున్నానని చెప్పి ఊరంతా షేర్ అయిన ఒకాయన ఆ తర్వాత ఆస్పత్రిలోనే పోయారు. ఆ వీడియో మాత్రం ఆ తర్వాతా తిరుగుతూనే ఉంది.

చెట్టు మందైతే పనిచేయదని మేమనడం లేదు, మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ చెట్టు నుంచి వచ్చిందే. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథాసోన్ అయితే మరీ చవక, కానీ 2020లో బ్రిటన్‌లో 6 వేల మందికి పైగా కోవిడ్ రోగుల్లో, ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పోల్చి చూశాకే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయని తేల్చారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానితో లాభం లేదని కూడా అక్కడే బయటపడింది. హాని లేదు కదా అని పంచేసి ఉంటే ఈ తేడా తెలిసేదా?

రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరు పసరు తీసి, హాని లేదు, నాకూ కాగితం ఇవ్వండంటే కలెక్టరు ఏ మొహంతో కాదంటారు? అసలు హాని ఎక్కడుందో మే 21న కృష్ణపట్నంలో చూశాం: వేలల్లో జనం, ఆస్పత్రికి పోవాల్సిన రోగులతో అంబులెన్సులు. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కిందికి జారాక చుక్కల కోసం ఆగే ప్రతి పూటా ప్రాణం మీదికి తెచ్చేదే. డాక్టరు మందులు ఆపొద్దని ఉత్తర్వులో ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

మే 10న తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకుంది. పసరు మందు మీద కమిటీలు వేసి పది రోజుల్లో అనుమతిచ్చిన ఈ చురుకు ఆ రాత్రి ఎక్కడికి పోయింది?