నార, జిగురు రెండూ మన దగ్గరే ఉన్నాయి

మన శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టులు చూస్తే నాకు కడుపు మండుతోంది. కోపం పిల్లల మీద కాదు, వాళ్లకు దారి చూపించాల్సిన వాళ్ల మీద. పేరేమో ప్రకృతిని అనుకరించే కాంపోజిట్, అంటే నార, జిగురు లాంటి వేర్వేరు పదార్థాలు కలిపి చేసే గట్టి సరుకు. తీరా చూస్తే కొబ్బరి పీచు ముక్కలు చేసి, కొనుక్కొచ్చిన ఎపాక్సీ జిగురులో కలిపి, అచ్చులో పోసిన పలక. దాన్ని మెషీన్‌లో లాగి విరిచాక ఆ అంచు చూడండి. పీచు ఊడొచ్చేసి, అదున్న చోట నున్నటి బొక్క మిగులుతుంది. జిగురు పీచును పట్టుకోనే లేదన్నమాట. రిపోర్టులో దాని ఊసే ఉండదు.

అసలు ప్రకృతి పనితనమంతా ఆ అతుకులోనే ఉంది. ముత్యపు చిప్ప లోపల మెరిసే పొరలో 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సుద్దలో ఉండేదే. అర మైక్రాను (మిల్లీమీటరులో రెండు వేలో వంతు) మందం రేకులు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో పల్చగా ప్రొటీన్ జిగురు. పగులు తిన్నగా పోలేక ప్రతి రేకునూ చుట్టి వెళ్లాలి. అందుకే దాన్ని విరగ్గొట్టడానికి ఉత్త ఖనిజానికి పట్టే శక్తి కంటే వేల రెట్లు ఎక్కువ కావాలి. కొలిమి లేదు, పొగ లేదు, అంతా సముద్రపు నీళ్లలోనే తయారైంది!

అమెరికాలో బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు దీన్ని చూసే అల్యూమినా అనే పింగాణీ లాంటి పదార్థం పొడిని నీళ్లలో కలిపి గడ్డకట్టించారు. మంచు రేకులు రేకులుగా పెరుగుతూ పొడిని సందుల్లోకి నెట్టింది. తర్వాత మంచు తీసేసి, పొడిని కాల్చి, ఖాళీల్లో అక్రిలిక్ ప్లాస్టిక్ నింపారు. 2008లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం, విరగడానికి పట్టే శక్తి విడి పదార్థాల కంటే 300 రెట్లు దాటింది. అనుకరణంటే అదీ.

మరి మనకేం తక్కువ? చెరువుల్లో ఊరేసి తీసే గోగునార ఉంది, ఉద్దానం కొబ్బరి పీచు ఉంది. పలాసలో జీడి పిక్కల తొక్కల్లో నూనె ఉంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పిక్కలు ఒలిచే ఆడవాళ్లనడగండి. అందులోంచి తీసే కార్డనాల్ అనే రసాయనంతో గట్టి రెజిన్లు, అంటే గట్టిపడే జిగుర్లు, చేస్తారు, బండి బ్రేకుల్లోనూ వాడతారు. నార నీళ్లు పీల్చుకుంటుంది, జిగురుకు సరిగా అంటదు, నిజమే. కాస్టిక్ సోడాతో కడిగితే పట్టు పెరుగుతుంది. ఎంత గాఢతలో, ఎంతసేపు కడగాలో మన నార మీద మన పిల్లలే తేల్చాలి. అలాంటిది, ఆ జీడి తొక్కల్ని పొయ్యిల్లో తగలబెడుతున్నాం.

రెండు జిల్లాల పిల్లలకీ కలిపి పలాసలో ఒక టెస్టింగ్ ల్యాబ్ పెట్టండి. నారను లాగి చూసే మెషీన్, విరిగిన అంచు చూసే మంచి మైక్రోస్కోప్, ఏ కాలేజీ వాళ్లొచ్చినా తెరిచి ఉండే తలుపు. ముందు ఈ మూడూ ఇవ్వండి చాలు.