రోగం వస్తే బల్ల మీద నెపమా?

ఈ వారంలో ఒకే మెసేజ్ నలుగురు పంపారు. "ప్రభువు బల్ల గురించి మీకెవరూ చెప్పని 5 నిజాలు" అట. బల్ల అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం. పదిమందికి పంపితే ఆశీర్వాదం కూడా ఉందట. పంపినవాళ్లలో ఒకాయన్ని "బైబిల్లో కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక తీసి చూశారా?" అని అడిగాను. "కింద రెఫరెన్స్ ఇచ్చారు కదండీ" అన్నాడు. ఇచ్చారు నిజమే.

చిన్నవి ముందు తేల్చేద్దాం. ఈ ఆచారాన్ని 325లో నికేయాలో జరిగిన బిషప్పుల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ పెట్టాడన్నది మొదటి "నిజం". దానికి సుమారు 170 ఏళ్ల ముందే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత అన్నీ రాసిపెట్టాడు: ఆదివారం కూడుకోవడం, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం, కృతజ్ఞతా ప్రార్థన, రాలేకపోయినవాళ్లకు పరిచారకులు తీసుకెళ్లి ఇవ్వడం. నికేయా సభ చెప్పింది వేరు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఇది అందకుండా చేయొద్దని 13వ నియమంలో ఉంది.

యేసు ఇచ్చింది పులియని రసమేనట, ఇది రెండోది. కొరింథులో కొందరు ఆ భోజనం దగ్గరే మత్తులో ఉన్నారని పౌలు చీవాట్లు పెట్టాడు. పులియని రసంతో అంత మత్తు ఎక్కించుకున్నారంటే వాళ్లు ఘటికులే. రసం పులవకుండా నిలవ ఉంచే పద్ధతిని వెల్చ్ అనే పళ్ల డాక్టరు 1869లో కనిపెట్టాడు. ఆ తర్వాత చాలా సంఘాలు రసానికి మారాయి. మారితే మారాయి, తప్పేముంది?

ఏడాదికి ఒక్కసారి మించితే పలచనైపోతుందన్నది మూడోది. 1215లో రోమ్‌లో జరిగిన లాటరన్ చర్చి సభ "కనీసం" ఏడాదికోసారి అంది. కనీసం అన్న మాటకు అర్థం నేను చెప్పక్కర్లేదు.

నాకు కోపం తెప్పించింది నాలుగోది. "పాపి బల్ల ముడితే రోగం వస్తుంది. రోగం వచ్చిందంటే అయోగ్యంగా తీసుకున్నట్టే." నా స్నేహితుడి తల్లికి కొన్నేళ్లుగా జబ్బు. ఈ మెసేజ్ చదివి, తను తీసుకున్న ఏ ఆదివారం ఇలా అయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుందావిడ. బల్లకు వెళ్లడం మానేసింది. చనిపోయేవాళ్లకు కూడా అందాలని ఆ రోజుల్లో సభ పెట్టి రాసుకున్నదాన్ని, ఫోన్‌లో నాలుగు లైన్లు రాసి ఒక రోగి చేతిలోంచి లాగేశారు.

పౌలు రాసిన మాట "అయోగ్యముగా". "అయోగ్యుడు" కాదు. ఎలా తింటున్నారన్నది ఆయన బాధ. ఎలా తింటున్నారో కూడా ఆయనే చెప్పాడు: ముందొచ్చినవాళ్లు ఎవరి తిండి వాళ్లు తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో చూస్తున్నారు. అందుకు ఆయన ఇచ్చిన మందు "పాపులు ఇంటికి పొండి" కాదు, "ఒకరి కోసం ఒకరు ఆగండి". తన్ను తాను పరీక్షించుకోమన్నాడు, ఆ వెంటనే తినమన్నాడు. మెసేజ్‌లో పరీక్ష ఉంది, తినడం ఎగిరిపోయింది.

ఐదోది దీనికి తోక. తనను అప్పగించబోయే శిష్యుడు యూదాను బయటికి పంపాకే యేసు రొట్టె విరిచాడట, అందుకని పాపికి చోటు లేదట. లూకా సువార్తలో గిన్నె ఇచ్చిన తర్వాతే "నన్ను అప్పగించేవాడి చెయ్యి ఈ బల్ల మీదే ఉంది" అన్న మాట వస్తుంది. వరుస మీద వాదించుకోవచ్చు, సరే. మరి పేతురు? తెల్లారేలోపు మూడుసార్లు "ఆయనెవరో నాకు తెలీదు" అనబోయే మనిషి అక్కడే కూర్చున్నాడు కదా. ఆయనకు ఏ రోగమూ వచ్చినట్టు లేదు!

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. "మీలో అనేకులు బలహీనులును రోగులునై యున్నారు" అని పౌలు పత్రికలోనే, 11వ అధ్యాయం 30వ వచనంలో ఉంది. దాన్ని నేను దాచలేను, ఎన్నిసార్లు చదివినా నాకూ గుచ్చుకుంటుంది. తేలిగ్గా తీసుకునే భోజనం కాదన్న మాట వరకు ఆ మెసేజ్ రాసినాయన కరెక్టే. డిడాకే అనే తొలినాటి పుస్తకం కూడా ముందు పాపాలు ఒప్పుకోమంటుంది, గొడవపడ్డవాళ్లు రాజీపడి రమ్మంటుంది. కానీ పౌలు ఆ మాటన్నది, పక్కవాడి ఆకలి పట్టని సంఘాన్ని పట్టుకుని. దాన్ని ఒక్కొక్క రోగి మంచం దగ్గరకు తీసుకెళ్లి చదవమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

నిన్న స్నేహితుడికి ఫోన్ చేసి, 11వ అధ్యాయం 17 నుంచి 34 దాకా వాళ్లమ్మకు చదివి వినిపించమన్నాను. పద్దెనిమిది వచనాలే. సగం విన్నాక ఆవిడ అడిగిందట, "మరి ఆ తిండి లేనివాళ్ల సంగతి మెసేజ్‌లో లేదేంరా?" అని.