ఎండ కాదు, ముందు రాత్రి సంగతి చూడాలి

పిల్లల పరీక్షలు అయిపోగానే మన ఊళ్ల నుంచి మనాలికో, సిక్కింకో బయల్దేరేవాళ్లు చాలామంది. "మంచు కురవడం ఆగింది, ఎండ కాస్తోంది, ఇంకేం భయం?" అనే మాట ఆ ప్రయాణాల్లో తరచూ వినిపిస్తుంది. మంచుచరియల విషయంలో ఈ లెక్క తప్పు. వసంతంలో కొత్తగా కురిసే మంచుతో పాటు, ఎప్పుడో కురిసి వాలు మీద ఉన్న మంచు తడిసినా ప్రమాదమే.

పల్లెలో పెరిగినవాళ్లకు మట్టిగోడ సంగతి తెలుసు. వాన కురుస్తున్నంతసేపూ నిలబడ్డ గోడ, నీళ్లు లోపలిదాకా ఇంకాక, వాన వెలిశాక కూలుతుంది. కొండవాలు మీద మంచూ అంతే. చలికాలమంతా పొరలుగా పేరుకున్న మంచులో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మార్చి, ఏప్రిల్ ఎండలకు పైపొర కరిగి నీళ్లు కిందికి దిగుతాయి. రాత్రి మళ్లీ గడ్డకడితే ఆ పట్టు బిగుస్తుంది. గడ్డకట్టకపోతే మర్నాటి నీళ్లు ఇంకా లోతుకు దిగి, బలం లేని పొర దగ్గరో, అడుగున నున్నటి రాతి మీదో చేరతాయి. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉంటే, పట్టు వదిలిన మంచు జారడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

అందుకే ముందుగా ఆరా తీయాల్సింది రాత్రి గురించి. మబ్బు పట్టిన రాత్రి మనకు ఉక్కపోస్తుంది, ఆకాశం తేటగా ఉంటే చలి పెడుతుంది. కొండల మీదా అదే సూత్రం. తేటగా ఉన్న రాత్రి గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైనున్నా మంచు పైపొర గడ్డకట్టగలదు. మబ్బు దుప్పటిలా కప్పేస్తే అదే ఉష్ణోగ్రతలో గడ్డకట్టదు. ఫోన్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటీ చూసి ధైర్యం తెచ్చుకుంటే సరిపోదు.

కొన్నేళ్ల కిందట ఒక ఏప్రిల్‌లో మనాలి పైన చిన్న ట్రెక్‌కు వెళ్లాం. తెల్లవారుజామున 5 గంటలకు గైడ్ టెంట్ బయటకొచ్చి, బూటు మడమతో మంచును గట్టిగా తొక్కాడు. కరకరమందే గానీ గుంట పడలేదు. "చలియే సర్", అంటే పదండి సార్, అని హిందీలో అన్నాడు. తొమ్మిదిన్నరకల్లా చీలమండ దాకా దిగబడుతున్నాం. కాసేపటికి తూర్పు వాలు మీద బండరాళ్ల పక్క నుంచి చిన్న మంచు ఉండలు దొర్లడం మొదలైంది. దొర్లేకొద్దీ బండిచక్రాల్లా పెరుగుతున్నాయి. తడిసిన మంచు పట్టు వదులుతోందనడానికి అవి గుర్తు. అవి చూడగానే గైడ్ మమ్మల్ని వెనక్కి తిప్పాడు. వెళ్లాల్సిన చోటు కళ్లముందే ఉంది, ఆకాశం నీలంగా ఉంది. మాలో ఇద్దరికి బాగా కోపం వచ్చింది. ఆ రోజు ఆ వాలు జారలేదు. అయినా ఆయన నిర్ణయం సరైనదే. నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఇవాళా కాదనుకోవడమే ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తోంది.

ఎండ పొద్దున తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, ఆపైన పడమటి వాలును తడుపుతుంది. ఒకే కొండ ఉదయం 6 గంటలకు ఒకలా, మధ్యాహ్నం ఒంటిగంటకు మరోలా ఉంటుంది. ఆల్ప్స్‌లోని టిరోల్ ప్రాంతంలో ఇలాంటి రోజుల్లో ఉదయానికి ఒక ప్రమాద స్థాయి, మధ్యాహ్నానికి ఒక స్థాయి విడిగా ప్రకటిస్తారు. మన దగ్గర చండీగఢ్‌లోని డీజీఆర్ఈ, అంటే డీఆర్‌డీవోకు చెందిన పరిశోధన సంస్థ, హెచ్చరికలు ఇస్తుంది. ప్రజలకు చేరేసరికి అవి ఎక్కువగా జిల్లా పేరు, ఎత్తు, 24 గంటల గడువుగా మిగులుతాయి.

2025 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలోని మానా దగ్గర సరిహద్దు రహదారుల సంస్థ క్యాంపు మీద మంచుచరియలు పడ్డాయి. 54 మంది కూలీలు చిక్కుకున్నారు, 8 మంది చనిపోయారు. అక్కడ కారణం కరగడం కాదు, విపరీతంగా కురిసిన కొత్త మంచు. నన్ను కలచివేసింది వేరే సంగతి. చమోలీతో సహా ఎత్తైన జిల్లాలకు ముందురోజు సాయంత్రమే హెచ్చరిక వెళ్లింది. అదే చమోలీలో, నీతి లోయలోని సుమ్నా దగ్గర 2021 ఏప్రిల్ 23న మరో క్యాంపు మంచుకింద పడింది. నాలుగేళ్ల తేడాతో ఒకే జిల్లా, ఒకే రకం క్యాంపు. బతుకుతెరువు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలకు ఆ వాలు గురించి ఎవరు చెప్పాలి?

2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు చనిపోయింది పట్టపగలు, మధ్యాహ్నం పూట. అనుమతి 13వ మైలు దాకానే ఉంది, బండ్లు 15వ మైలు దాకా వెళ్లాయి.

మార్చి నుంచి మే దాకా హెచ్చరికలో గంట, వాలు దిక్కు రెండూ ఉండాలి. మధ్యాహ్నం తర్వాత ప్రమాదమని చెప్పిన రోజు చెక్‌పోస్టు దగ్గరే బండ్లు ఆపేయాలి. కొండ కింద క్యాంపు వేయించిన అధికారి ఎవరో, హెచ్చరిక వచ్చిన గంటలో దాన్ని ఖాళీ చేయించాల్సిందీ ఆయనేనని ఆ క్యాంపు అనుమతి పత్రంలోనే రాయాలి.