బెలూన్ వెంట పది కిలోమీటర్లు

పది కిలోమీటర్లు గంట లోపు పరుగెత్తాలన్న కోరిక నాకు పుట్టుకతో రాలేదు. మా బావమరిది వల్ల వచ్చింది. అతను కిందటేడు ఆ దూరాన్ని 58 నిమిషాల్లో దాటి, పతకం మెడలో వేసుకునే మా ఇంటికి భోజనానికి వచ్చాడు. "మీరూ పరుగెత్తవచ్చు కదా బావగారూ, ఈ వయసులో గంటా ఇరవై నిమిషాలు పట్టినా పరవాలేదు" అన్నాడు. ఆ 'ఈ వయసులో' అన్న మాట అన్నంలో రాయిలా తగిలింది. గంట లోపే వస్తానని అన్నాను. అన్నది నేనే గానీ, అపార్ట్‌మెంటులో నాలుగు అంతస్తులకూ చాటింది మాత్రం మా ఆవిడ. మర్నాటి నుంచి వాచ్‌మన్ కూడా "గంటేనా సార్?" అని అడగడం మొదలుపెట్టాడు.

ముందుగా బూట్లు కొన్నాను. దుకాణంలో కుర్రాడు నన్ను ఒక యంత్రం మీద పరుగెత్తించి, నా పాదం లోపలి వైపుకు వాలుతోందని ఎంతో బాధగా చెప్పాడు. ఇన్నేళ్లూ వాలుతున్న పాదంతోనే నడిచి పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాను. అయినా అతని ముఖం చూస్తే కొనకుండా రావడానికి మనసొప్పలేదు. ధర మాత్రం ఇంట్లో సగమే చెప్పాను. ఆ సగానికే మా ఆవిడ "ఆ డబ్బుతో ఆటోలో వెళ్లినా గంట లోపే వచ్చేవారు" అంది.

పరుగు ఆగస్టులో, నెక్లెస్ రోడ్డు మీద. ఫ్లెక్సీ మీద మారథాన్ అని ఉంది గానీ, ఉన్నవి 10, 5 కిలోమీటర్ల పరుగులే. అసలు మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంత దూరానికి ఆ రోడ్డు ఒక్కటే చాలదు, మాకు ఊపిరీ చాలదు. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై సంజీవయ్య పార్కు వైపు వెళ్లి తిరిగి రావాలి. మాకు రెండు చుట్లు, 5 కిలోమీటర్ల వాళ్లకు ఒకటి. మేము ఆరింటికి బయలుదేరితే వాళ్లు ఆరున్నరకు. ఈ ఆరున్నర సంగతి గుర్తుపెట్టుకోండి.

ముందురోజు బిబ్, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం, ఇచ్చే చోట ఒక అమ్మాయి నా లక్ష్యం అడిగి, "అయితే వాచీ మరచిపోండి, పేసర్‌ని పట్టుకోండి" అంది. పేసర్ అంటే నిర్ణీత సమయానికి గీత దాటేలా ఒకే వేగంతో పరుగెత్తేవాడు. గంటకు చేరాలంటే కిలోమీటరుకు 6 నిమిషాలు, పెరగకూడదు, తరగకూడదు. అతని భుజాన ఒక బెలూన్ కట్టి ఉంటుంది, దాని మీద 60 అని రాసి ఉంటుంది. దాని వెనకాలే వెళ్తే చాలట. లెక్కలన్నీ వేరొకరు వేస్తుంటే మనం కాళ్లు ఆడిస్తూ ఉంటే సరి. ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు నాకు మా ఆఫీసులో కూడా దొరకలేదు.

ఆగస్టు ఉదయం హైదరాబాద్‌లో వాన పడదు, పడనని మాటా ఇవ్వదు. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆవిరి కావడం మానేసి చెమట ధారకడుతుంది, లోపలి వేడి లోపలే ఉంటుంది. రెండో కిలోమీటరుకే నా బనియను పిండుకునేలా తయారైంది. హుస్సేన్ సాగర్ మీది నుంచి గాలి వచ్చినప్పుడల్లా ప్రాణం లేచివచ్చేది, ఆ గాలిని లోపలికి పీల్చాక లేచిన ప్రాణం మళ్లీ కూర్చునేది. నీళ్ల మధ్య 1992 నుంచి కదలకుండా నిలబడి ఉన్న బుద్ధుడి మీద ఆ ఉదయం నాకు భక్తి కన్నా అసూయే ఎక్కువ కలిగింది.

అయినా మొదటి చుట్టు దివ్యంగా సాగింది. పేసర్ బక్కపలచటి కుర్రాడు. అప్పుడప్పుడూ వెనక్కి చూడకుండానే "బాగా వస్తున్నారు అంకుల్" అనేవాడు. చూసి ఉంటే అనేవాడు కాదు. సగం దూరం సరిగ్గా అరగంటలో ముగిసింది. సరిగ్గా అప్పుడే 5 కిలోమీటర్ల జనం రోడ్డు మీదికి వచ్చి పడింది.

వాళ్లలో పరుగెత్తేవాళ్లు తక్కువ. నలుగురేసి చేతులు పట్టుకుని నడిచే స్నేహితులు, ఆగి సెల్ఫీలు తీసుకునేవాళ్లు, సగం దారిలో బంధువులు కనబడి క్షేమసమాచారాలు అడిగేవాళ్లు. పేసర్ ఆ జనంలో కలిసిపోయాడు. తలల మీద బెలూన్ ఒక్కటే కనిపిస్తోంది. దాన్ని చూసుకుంటూ సందుల్లోంచి దూరుతూ వెళ్లాను.

కాసేపటికి ఒక అద్భుతం జరిగింది. ఆయాసం తగ్గింది. కాళ్లు తేలికపడ్డాయి. చెరువు గట్టు మీది చెట్లు కూడా కనిపించసాగాయి. పరుగులో రెండో ఊపిరి అనేది ఒకటి వస్తుందని చదివాను, అదే ఇదని ఆనందపడ్డాను. పక్కనే వస్తున్న బట్టతలాయన కూడా "ఇప్పుడు హాయిగా ఉందండీ" అన్నాడు. "సాధన ఫలితం" అన్నాను నేను. ఇంకో ముగ్గురు మా వెనక చేరారు. ఐదుగురమూ కబుర్లు చెప్పుకుంటూ బెలూన్ వెంట వెళ్తున్నాం.

ఉన్నట్టుండి బెలూన్ ఆగింది. మేమూ ఆగాం.

"మధ్యలో కాస్త నడిపిస్తారు, అదొక పద్ధతి" అన్నాడు బట్టతలాయన, అన్నీ తెలిసినట్టు. జనం పక్కకు తప్పుకున్నాక చూస్తే బెలూన్ కింద పేసర్ లేడు. ఒక పిల్లల బండి ఉంది. బండిలో ఏడాది నిండని పాప, పాప నోట్లో పాలసీసా. బండి తోసుకుంటూ వచ్చిన తండ్రి సీసా పట్టుకుని ఉన్నాడు. చెమటతో తడిసిన ఐదుగురు మగవాళ్లు తన బిడ్డ చుట్టూ వగరుస్తూ నిలబడేసరికి ఆయన బండికి అడ్డం వచ్చాడు.

"ఏం కావాలండీ?"

"ఆ బెలూన్..." అన్నాను.

"పాప ఏడుస్తుంటే ఒకబ్బాయి విప్పి ఇచ్చి వెళ్లాడండీ. మీకు కావాలా?"

ఆయన నిజంగానే ముడి విప్పబోయాడు. పాప పాలు మానేసి నా వంక చూసింది. ఆ చూపు ముందు నిలబడలేక పరుగందుకున్నాను.

ఆ తరువాతి దూరం గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు, నాకు సరిగ్గా గుర్తూ లేదు. చివర గేటు మీది గడియారం గంట దాటి ఒకటిన్నర నిమిషం చూపిస్తోంది. అది మొదటి ఈల వేసినప్పటి నుంచి నడిచే లెక్క. మనం బయలుదేరే గీత దాటిన క్షణం నుంచి బిబ్‌కు అంటించిన చిప్ విడిగా లెక్క కడుతుంది. ఆ తేడా మీదే ఆశ పెట్టుకుని ఉప్మా లైనులో నిలబడ్డాను. నా వంతు వచ్చేలోపు ఫోనుకు సందేశం వచ్చింది: 1 గంట 41 సెకన్లు. పేసర్ అప్పటికే ఉప్మా తింటున్నాడు. "నేను పది సెకన్లు ముందే వచ్చాను. మీరెక్కడ ఆగిపోయారు అంకుల్?" అని అడిగాడు, పాపం, ఏమీ ఎరగనట్టు. అతనికి నిజంగానే ఏమీ తెలియదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. "కెన్యా వీరుడు కెల్విన్ కిప్టుమ్ 2023లో షికాగో మారథాన్‌ను ఎంతలో ముగించాడు? 2 గంటల 35 సెకన్లలో. రెండు గంటల గీతకు అంతటివాడికే 35 సెకన్లు ఎక్కువైతే, గంట గీతకు నాకు 41 ఎక్కువైంది. మా ఇద్దరికీ తేడా 6 సెకన్లు" అన్నాను.

"ఆయన పరుగెత్తింది 42 కిలోమీటర్లు బావగారూ."

"ఆయనకు బెలూన్ లేదు" అన్నాను.

అంతలో నిర్వాహకులు ఫొటోలు పంపారు. బావమరిది వాటిని నా చేతికి ఇవ్వకుండా నేరుగా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒక్కో ఫొటోలో ముందు బండి, బండికి 60 బెలూన్, బండిలో నిద్రపోతున్న పాప, వెనక పళ్లు బిగబట్టి నేను. అందరూ నవ్వు బొమ్మలు పెడుతుంటే ఊళ్లో ఉన్న మా పెద్దమ్మ ఒక్కతే ఫోను చేసి, నా ఆరోగ్యం అడిగి, కాసేపు ఆగి అంది:

"మరి ఆ బండిలో పిల్లకేనా నాయనా, ఫస్టు వచ్చింది?"