పబ్బు క్విజ్ మర్డర్ మిస్టరీ గారికి ఓ అర మార్కు బాధితుడి ఉత్తరం

మహారాజశ్రీ ఇంగ్లిష్ పల్లెటూరి పబ్బు క్విజ్ మర్డర్ మిస్టరీ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ దగ్గర ఎవరూ క్షేమంగా లేరని మూడో అధ్యాయానికల్లా తెలిసిపోతూనే ఉంది కాబట్టి ఆ కుశలప్రశ్న వదిలేస్తున్నాను.

మీ వంశంతో నాది పాత పరిచయం. చిన్నప్పుడు మా ఊరి అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాణ్ణి. ఆఖరి పేజీ ఎవడో చించేసినవి కూడా వదల్లేదు. హంతకుడెవరో ఇప్పటికీ తేలని కేసులు నాలుగైదు నా దగ్గర పెండింగులో ఉన్నాయి. తర్వాత ఉద్యోగం పుణ్యమా అని ఇంగ్లండ్ వచ్చి, గ్లోస్టర్‌షైర్‌లో ఓ పల్లె పక్కన కాపురం పెట్టాక, ఇక మిమ్మల్ని పుస్తకంలో చదవడమేమిటి, ఎదురుగా చూడొచ్చని సంబరపడ్డాను.

అక్కడే మోసపోయాను.

మీ అట్ట మీద పిల్లి ఉంటుంది. పిల్లి పక్కన పింట్ గ్లాసు, వెనక గడ్డి కప్పిన ఇల్లు. లోపల ఒకావిడ లండన్‌లో ఉద్యోగానికి, మొగుడికి ఒకే వారంలో రాజీనామా ఇచ్చి, పల్లెకొచ్చి కేకుల షాపు పెడుతుంది. రెండొందల గడప లేని ఊళ్ళో ఆ కేకులన్నీ ఎవరు తింటారో, అసలు మిస్టరీ అది. దాన్ని మీరు ఎప్పుడూ విప్పరు. ఇన్‌స్పెక్టర్ గారు అందగాడు, బుర్ర మాత్రం అడక్కండి. పబ్బులో జనం జట్లుగా కూర్చుని ఆడే క్విజ్‌లో మ్యూజిక్ రౌండ్ మొదలవగానే కరెంటు పోతుంది. మా ఊళ్ళో కరెంటు పోతే కొవ్వొత్తి వెతుక్కునేవాళ్ళం, మీ ఊళ్ళో శవాన్ని వెతుక్కోవాలి. లైట్లొచ్చేసరికి ఫాదరీ గారు ఆన్సర్ షీటు మీద వాలిపోయి ఉంటారు. చర్చి దొడ్లో యూ చెట్టు, ఎవరింటి ముందు చూసినా ఫాక్స్‌గ్లోవ్ పూలు. మనకు గన్నేరు పప్పు ఎలాగో వీళ్ళకు అవి అలాగ. కాబట్టి విషానికి లోటు లేదు.

ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపినా ఏడాదికి జరిగే హత్యలు ఈ మధ్య 500 నుంచి 600 లోపే. వాటిలో విషం పెట్టినవి చాలా తక్కువ, ఎక్కువగా కత్తి పోట్లే. మీ లెక్క చూస్తే ఒక్క పల్లెలో ఆరు పుస్తకాలకు పన్నెండు మంది పోయారు. అయినా ఆ ఊళ్ళో ఇళ్ళ ధరలు తగ్గవు!

1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఫాదరీ గారే మీ వంశానికి పది ఆజ్ఞలు రాసిపెట్టారు. ఎవరూ కనీవినీ ఎరగని విషాలు వాడకూడదన్నారు. ముందు నుంచీ సూచన లేకుండా కవలలు ఊడిపడకూడదన్నారు (మన సినిమావాళ్ళకు ఈ సంగతి ఎవరూ చేరవేయలేదు, మంచిదైంది). డిటెక్టివ్ పక్కనుండే స్నేహితుడి తెలివి మామూలు పాఠకుడికన్నా ఓ పిసరు తక్కువుండాలన్నారు. క్విజ్ ఊసు మాత్రం ఎత్తలేదు. పబ్బు క్విజ్‌లు ఊరూరా పాకింది 1970ల్లో కదా, బర్న్స్ అండ్ పోర్టర్ అనే కంపెనీ ఖాళీగా ఉండే రాత్రుల్లో జనాన్ని రప్పించడానికి వీటిని నడపడం మొదలుపెట్టాక. ఆ పదకొండో ఆజ్ఞ నేను రాస్తాను: క్విజ్‌కి ఒక్కసారైనా వెళ్ళనివాడు క్విజ్ రాత్రి హత్య రాయరాదు.

మా మంగళవారం చెబుతా వినండి. మనిషికి రెండు పౌండ్లు, జట్టుకు ఆరుగురికి మించకూడదు, ఫోన్లు జేబులోనే. చిప్స్ ప్యాకెట్‌ను మనలా మూతి చింపరు. నిలువునా అతుకు దగ్గర చీల్చి, విస్తరిలా పరిచి టేబుల్ మధ్యలో పెడతారు. పెన్సిల్ వేలెడే ఉంటుంది, ఆన్సర్ షీటు మీద అప్పటికే గ్లాసు అడుగు తడి గుండ్రంగా అంటుకుని ఉంటుంది. మా జట్టులో రిటైరైన లారీ డ్రైవరొకాయన, ప్రైమరీ స్కూలు టీచరమ్మ, పశువుల డాక్టరు, నేను. ఇండియా అన్న మాట వినపడితే చాలు, మూడు తలకాయలూ నా వైపు తిరుగుతాయి.

ఆ రోజు ప్రశ్న: 1720ల్లో బ్రెజిల్‌లో బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ఎక్కడి నుంచి వెళ్ళేవి? నా ఛాతీ పొంగింది. పెన్సిల్ లాక్కుని ‘గోల్కొండ’ అని రాశాను. షీట్లు మార్చుకుని దిద్దేటప్పుడు పక్క టేబుల్ పెద్దమనిషి చెయ్యెత్తాడు. క్విజ్ మాస్టర్ కాగితంలో ‘ఇండియా’ అని ఉందట. గోల్కొండ ఇండియాలోనే ఉంది మహాప్రభో అన్నాను. కాసేపు ఆలోచించి అర మార్కు ఇచ్చారు. క్విజ్ మాస్టర్ మాటే ఫైనల్ అని గోడ మీద కూడా రాసి ఉంది. అర మార్కు తేడాతో రెండో స్థానం.

నిజం చెప్పాలంటే గోల్కొండలో గనుల్లేవు, బజారు ఉండేది. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు వైపు. అది చెబితే ఉన్న అర మార్కు కూడా పీకేస్తారని నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ ఆ పెద్దమనిషిని మూడు రకాలుగా చంపాను, మనసులోనే లెండి. నాలుగు నెలలైంది, ఇప్పటికీ ఆయన కారు కనబడితే కడుపులో మండుతుంది. అయ్యా, హత్యకు కారణమంటే అదీ! మీరేమో వీలునామా అంటారు, ముప్పై ఏళ్ళనాటి బోర్డింగ్ స్కూలు రహస్యమంటారు. ఎదురుగా అర మార్కు పెట్టుకుని ఎక్కడెక్కడో తవ్వుతారు.

అసలు ఫిర్యాదు ఇంకోటుంది. మీ పబ్బు ఎప్పుడూ కిటకిటలాడుతుంది. శవం లేచిన మర్నాడు కూడా కూర్చోడానికి చోటుండదు. యూకే మొత్తం మీద 2000లో 60,000 పైచిలుకు ఉన్న పబ్బులు 45,000 దగ్గరికి దిగిపోయాయని మీకెవరూ చెప్పలేదా? మా పబ్బుకీ ఫిబ్రవరిలో కిటికీలకు చెక్కలు కొట్టేశారు. ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు, అందగాడు గానీ కానివాడు గానీ.

మీ పద్ధతిలోనే అనుమానితుల్ని ఒక గదిలో కూర్చోబెట్టాను. ఒకరు కరెంటు బిల్లు. ఒకరు పబ్బు భవనం సొంతదారైన కంపెనీ: బీరు తన దగ్గరే, తను చెప్పిన రేటుకే కొనాలంటుంది. సూపర్ మార్కెట్లో చవగ్గా దొరికే డబ్బా బీరు మూలన కూర్చుంది. పబ్బును ఇల్లుగా మార్చి అమ్ముకుందామనే ఆసామి తలుపు దగ్గరే నిలబడ్డాడు. వీళ్ళందరి ముందూ అటూ ఇటూ పచార్లు చేసి, వేలు చూపించబోతే అది నా వైపే తిరిగింది. వారానికొక్క రాత్రి వెళ్ళి, ఒక్క హాఫ్ పింట్ ముందు పెట్టుకుని మూడు గంటలు కూర్చుని, పైగా గెలిస్తే డబ్బులు పట్టుకుపోదామని చూసింది ఎవరు? ఆ బార్ వెనకావిడ ప్రతిసారీ ‘ఇంకేమైనా కావాలా?’ అని నవ్వుతూ అడిగేది. నేనూ నవ్వుతూ ‘వద్దు’ అనేవాణ్ణి.

ఇప్పుడు క్విజ్ ఊరి హాల్లో జరుగుతోంది. బీరు బదులు టీ, కుర్చీలు ప్లాస్టిక్‌వి. క్విజ్ మాస్టర్ ఆయనే, గోడ మీది కాగితం కూడా ఆయనతోపాటే వచ్చేసింది.

ఇట్లు,
రెండో స్థానం జట్టులో ఇండియా శాఖ

తా.క.: మీ కొత్త భాగంలో హంతకుడు ఫాదరీ గారి చెల్లెలని 40వ పేజీలోనే కనిపెట్టాను. తర్వాతి భాగం ఆర్డరు పెట్టేశాను, గురువారానికి వస్తుందట.