అదే క్రోనో ట్రిగ్గర్, కానీ ఆడింది ఏది?

‘క్రోనో ట్రిగ్గర్ ఆడు తమ్మీ, అంతకన్నా మంచి ఆర్పీజీ లేదు’ అని పాలమూరులోనో నల్లగొండలోనో ఉన్న డిగ్రీ కుర్రాడికి ఎవరో చెప్తారు. వారం తర్వాత ఆ కుర్రాడు ‘ఏముందన్నా అందులో, ప్రతి ఫైట్‌కీ ఆగి ఆగి నడుస్తోంది’ అంటాడు. అతని రుచిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆట పేరు చెప్పారే గానీ ఏ వెర్షనో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ ఆర్పీజీ, అంటే ఒక పాత్రగా మారి కథలో సాగుతూ ఆడే వీడియో గేమ్, 1995 మార్చిలో జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే గేమ్ మెషీన్ మీద వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఆ మెషీన్‌కే ఉన్న పేరైన సూపర్ నింటెండో మీదికి వెళ్లింది. 1999లో ప్లేస్టేషన్, 2008లో రెండు తెరలున్న చేతి మెషీన్ నింటెండో డీఎస్, 2011లో ఫోన్లు, 2018లో పీసీ గేములు అమ్మే స్టీమ్. అన్నిట్లోనూ అదే క్రోనో, అదే మార్ల్, అవే కాలద్వారాలు, యసునోరి మిత్సుద చేసిన అదే సంగీతం. అయినా ఆడేవాడి చేతికి ఇవి ఒకే ఆటగా తగలవు. పోర్ట్ మారితే, అంటే ఆటను వేరే మెషీన్‌కు తెస్తే, బొమ్మలు కాస్త అటూ ఇటూ అవుతాయిలే అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు తేడా నడకలో ఉంది.

ఈ ఆట ప్రత్యేకత ఏమిటో ముందు చూడాలి. అప్పటి జపాన్ ఆర్పీజీల్లో నడుస్తూ నడుస్తూ ఉంటే తెర ఒక్కసారి మెరిసి, వేరే యుద్ధరంగం వచ్చేది. క్రోనో ట్రిగ్గర్‌లో చాలావరకు అలా ఉండదు. గార్డియా అడవిలో శత్రువులు చెట్ల మధ్య కళ్లముందే కనిపిస్తారు. దగ్గరికెళ్తే మనవాళ్లు ముగ్గురూ అక్కడికక్కడే ఆయుధాలు తీసి నిలబడతారు. చెట్టూ అదే, బాటా అదే. ఫైట్ అయిపోగానే అదే అడుగులో ముందుకు సాగుతాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదీ లెక్కలోకి వస్తుంది. క్రోనో గిరగిరా తిరుగుతూ కొట్టే సైక్లోన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ తగులుతుంది కాబట్టి, శత్రువులు గుంపుగా చేరేదాకా ఒక క్షణం ఓపిక పట్టడం కూడా ఒక ఎత్తే. నడక, గొడవ, మళ్లీ నడక అన్నీ ఒకే ఊపులో పోవడమే ఈ ఆటకు ప్రాణం.

ప్లేస్టేషన్ పోర్ట్ సరిగ్గా అక్కడే దెబ్బతింది. ఫైట్ మొదలయ్యేముందు ఓ ఆగుడు, అయ్యాక ఓ ఆగుడు, మెనూ తెరిస్తే మరోటి. కారణం సాంకేతికమే. మొదటి ఆట మొత్తం 32 మెగాబిట్‌లు, అంటే 4 ఎంబీ, మెషీన్‌కు తగిలించే కార్ట్రిడ్జ్‌లోని ఒక చిప్‌లో ఉండేది. ప్రాసెసర్ అడిగిన మరుక్షణం అందేది. ప్లేస్టేషన్‌కు ప్రధాన ర్యామ్ 2 ఎంబీయే. మిగతాది సీడీ మీద నుంచి రావాలి. ఆ డ్రైవ్ సెకనుకు 300 కిలోబైట్లు చదువుతుంది, దానికి ముందు లేజర్ సరైన చోటికి జరగాలి. కొత్త మెషీన్ పాతదానికంటే ఎంతో బలమైనది, కానీ ఈ ఆటకు కావాల్సిన బలం అది కాదు. ఒగ్గుకథలో డోలు దెబ్బ ప్రతిసారీ రెండు క్షణాలు ఆలస్యంగా పడిందనుకోండి, కథ ఎంత తెలిసినవాళ్లకైనా ఊపు రాదు.

ఇది మన దగ్గర మరీ ముఖ్యం. తొంభైల్లో మన జిల్లాల్లో టీవీకి తగిలించే క్యాసెట్ గేములంటే మారియో, కాంట్రా ఉన్న 8-బిట్ నకళ్లే. సూపర్ నింటెండో ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. తర్వాత గడియారం సెంటర్ చుట్టుపక్కల గంటకింత అని తీసుకునే గేమ్ షాపుల్లో ప్లేస్టేషన్ వచ్చినా, అక్కడ ఫైటింగ్, కార్ రేసులే నడిచాయి. గంట లెక్కన డబ్బులు కడుతూ, డైలాగులు చదువుకుంటూ, రోజుల తరబడి సాగే ఆర్పీజీ ఎవరు ఆడతారు? అందుకే ఈ ఆట మనకు ఫోన్‌లోనే పరిచయం. చాలామందికి అది కూడా ప్లేస్టేషన్ ఎమ్యులేటర్‌లో, అంటే ఫోన్‌ను ప్లేస్టేషన్‌లా నడిపించే యాప్‌లో. పాత డిస్క్ ఆగుళ్లు ఎమ్యులేటర్‌తో పాటే వస్తాయి. చూసేవాడు ‘ఫోన్ హ్యాంగ్ అవుతోంది’ అనుకుంటాడు, లేదంటే ఆటే అంత అనుకుని వదిలేస్తాడు.

ప్లేస్టేషన్ వెర్షన్‌లో మంచి కూడా ఉంది. పాత్రలను గీసిన అకిర తోరియామ శైలిలోనే యానిమే దృశ్యాలు చేర్చారు. అవి బాగుంటాయి. కానీ చివరి దృశ్యంలో క్రోనో స్నేహితురాలు లూకా చేతికి ఒక పసిబిడ్డ దొరుకుతుంది. అది దీని తర్వాతి ఆట క్రోనో క్రాస్‌కు వేసిన దారి, ఆ ఆట జపాన్‌లో 1999 నవంబరులోనే విడుదలైంది. 1995 నాటి మొదటి వెర్షన్ సంబరంగా, నిండుగా ముగుస్తుంది. ఈ ముగింపు చూసినవాళ్లకు లోపల ఏదో గుబులు మిగులుతుంది. ఒక్క చిన్న వీడియోతో ముగింపు భావమే మారిందంటే, దాన్ని అదనపు కానుక అని ఊరుకోలేం.

నా లెక్కలో డీఎస్ వెర్షనే అన్నిటికన్నా మేలు. మళ్లీ కార్ట్రిడ్జ్ కాబట్టి ఆగుళ్లు పోయాయి, యానిమే మిగిలింది. మెనూలు కింది తెరకు దిగడంతో పై తెరలో యుద్ధం అడ్డు లేకుండా కనిపిస్తుంది. కావాలంటే పాత పద్ధతిలోనూ ఆడుకోవచ్చు. ఇంగ్లిష్‌ను కొత్తగా రాశారు. పాత అనువాదంలో ఫ్రాగ్ అనే పాత్ర నాటకాల్లోని పాతకాలపు ఇంగ్లిష్ మాట్లాడేవాడు. తెలుగు మీడియంలో చదివి గేముల్లోనే ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు డీఎస్‌లోని సాఫీ భాషే దారి చూపిస్తుంది. కొత్తగా చేర్చిన లాస్ట్ శాంక్టమ్ అనే భాగం మాత్రం వెళ్లిన దారిలోనే మళ్లీ మళ్లీ తిప్పుతుంది, దాన్ని దాటేసినా నష్టం లేదు.

స్టీమ్ సంగతి మన ఆటగాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. 2018 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు అది ఫోన్ వెర్షన్‌ను తెచ్చి పీసీలో పెట్టినట్టే ఉండేది. వేలితో తాకడానికి చేసిన పెద్ద పెద్ద బటన్లు, నునుపు చేసిన మనుషులు, వాళ్ల వెనక నునుపు లేని నేల. ఆటగాళ్లు గట్టిగా నిలదీశారు. ఏప్రిల్‌లో ఆట కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ పాత గ్రాఫిక్స్ ఎంచుకునే వీలు ఇచ్చింది, తర్వాతి నెలల్లో మరిన్ని మార్పులు చేసింది. అడిగితే కంపెనీ దిగివచ్చింది. మరి ఆ వీలు మొదటి రోజే ఎందుకు ఉండకూడదు? పాత ఆటను మళ్లీ అమ్మే ప్రతి కంపెనీ అసలు రూపాన్ని కూడా పక్కనే ఉంచాలి. సూపర్ నింటెండో ముఖమే చూడని మన ఊళ్ల పిల్లలకు ఆ ఆట ఎలా ఉండేదో తెలుసుకునే దారి అదొక్కటే.

కాబట్టి ఎవరికైనా ఈ ఆట చెప్పేటప్పుడు రెండు మాటలు ఎక్కువ చెప్పండి. డీఎస్ దొరికితే అదే ఆడమనండి. స్టీమ్ అయితే సెట్టింగ్స్‌లో పాత గ్రాఫిక్స్ పెట్టుకున్నాకే మొదలుపెట్టమనండి. ప్లేస్టేషన్ వెర్షనే దిక్కయితే, ఫైట్‌కు ముందు వచ్చే ఆ ఆగుడు డిస్క్ వల్ల వచ్చిందే తప్ప ఆటలో లేదని ముందే చెప్పండి.