ఏడుపు పరీక్ష

మంచి ఇంగ్లీషు టీచరుకి ఏ లక్షణాలుండాలని అప్పుడప్పుడు కొందరు అమాయకులు చర్చ పెడుతుంటారు. ఓపిక ఉండాలంటారు, వ్యాకరణం తెలియాలంటారు, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో పసిగట్టాలంటారు. ఇవన్నీ కష్టపడితే ఎవరికైనా వచ్చేవే కదా! ఎవరికైనా వచ్చేదాన్ని అర్హత అని ఎలా అంటాం? అసలు అర్హత ఒక్కటే, అది సంపాదించడం ఎవరి తరమూ కాదు. సరైన దేశంలో, సరైన తల్లికి పుట్టాలి. ఉద్యోగ ప్రకటనల్లో 'నేటివ్ స్పీకర్లు మాత్రమే', అంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలి, అని రాసేవాళ్లు ఈ రహస్యం ఎప్పుడో కనిపెట్టారు.

ఇదేమీ ఆషామాషీ సిద్ధాంతం కాదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లీషు బోధన మీద పెద్ద సమావేశం జరిగింది. ఆదర్శ టీచరంటే నేటివ్ స్పీకరే అన్న నమ్మకం అక్కడ బాగా బలపడింది. 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ అనే పండితుడు అదంతా భ్రమ అని కొట్టిపారేశారు. పైగా ఆయన బ్రిటన్ వాడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు!

పుట్టుక సరే, ఎక్కడ పుట్టాలి? ఈ చిక్కును దక్షిణ కొరియా చక్కగా విప్పింది. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చేవాళ్లకిచ్చే ఈ-2 వీసాకి మామూలుగా ఏడు దేశాల పౌరులే అర్హులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. జమైకా అధికార భాష ఇంగ్లీషే. అయితే ఏం, జాబితా ఏడుతో అయిపోయింది. ఇక బ్రిటన్‌లోనే ఉన్న గ్లాస్గో మనిషి గబగబా మాట్లాడితే లండన్ మనిషి కూడా 'ఏమిటీ?' అని రెండోసారి అడుగుతాడన్న సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు. ఇద్దరూ జాబితాలో ఉన్నారు, అంతే చాలు.

అయినా పాస్‌పోర్టు చూసి మనిషిని నమ్మే రోజులా ఇవి? నేనొక శాస్త్రీయ పద్ధతి చెబుతాను. పుట్టిన కొద్దిరోజులకే ఫ్రెంచి పిల్లల ఏడుపు ఎక్కువగా కిందనుంచి పైకి, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి సాగుతుందని 2009లో పరిశోధకులు రికార్డు చేసి మరీ చూపించారు. తల్లి కడుపులోనే భాష బాణీ పట్టేస్తారన్నమాట. కనుక ఇంటర్వ్యూలో డిగ్రీలూ అనుభవం అడగడం మానేసి, అభ్యర్థిని కాసేపు ఏడిపించి వింటే సరి. యాసనైతే నేర్చుకుని నటించవచ్చు, ఏడుపును నటించడం అంత తేలిక కాదు. ఏడిపించడం ఎలా అంటారా? జీతం ఎంతో చెబితే సరిపోతుంది.

ఇంకా అనుమానముంటే మన సంగతే చూడండి. పుట్టుకతో తెలుగు వచ్చినవాళ్లం 8 కోట్లకు పైనే. సిద్ధాంతం ప్రకారం 8 కోట్ల మందిమీ తెలుగు మాస్టర్లమే. ఎవరో విదేశీయుడు వచ్చి, "'నేను నవ్వాను' అంటారు కదా, మరి ఆకలి దగ్గరికొచ్చేసరికి 'నాకు' ఎందుకైంది? ఆ ఆకలిని 'వేస్తున్నది' ఎవరు? 'మేము వెళ్దాం' అంటే ఎందుకు నవ్వుతారు?" అని అడిగాడనుకోండి. మన జవాబు సిద్ధంగా ఉంది: "అదంతేనండీ." ఇంగ్లీషువాడి జవాబూ అదే. కొందరు నేటివ్ స్పీకర్లు మాత్రం ఇంకో భాష నేర్చుకుని నానా తిప్పలూ పడి, శిక్షణ తీసుకుని, 'అదంతే'కి కారణాలు వెతికి పిల్లలకు చెబుతున్నారు. అలాంటివాళ్ల వల్లే మా సిద్ధాంతానికి చెడ్డపేరు.

ఇంగ్లీషు వ్యాకరణాన్ని ఏడు సంపుటాల్లో రాసిన ఒట్టో యెస్పర్సన్ డెన్మార్క్ వాడు. జోసెఫ్ కాన్రాడ్ పోలిష్ మాట్లాడుతూ పెరిగి, ఇరవై దాటాక ఇంగ్లీషు నేర్చుకుని, ఇంగ్లీషువాళ్లే మెచ్చిన నవలలు రాశాడు. యాస మాత్రం చివరిదాకా వదల్లేదు. పాపం, టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఉంటే ఫోన్ ఇంటర్వ్యూలోనే పోయేవాడు.

అలాగని నేటివ్ స్పీకర్లు కానివాళ్లందరూ ఆణిముత్యాలని కాదు. మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారొకాయన కర్తరి వాక్యాలను కర్మణిలోకి వందలకొద్దీ మార్పించారు. మంచినీళ్లు ఎలా అడగాలో మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు.

నేనూ ఒకసారి ఎంపిక సంఘంలో కూర్చున్నాను. 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే' ఎందుకు తప్పో చెప్పమన్నాం. నేటివ్ స్పీకరైన మొదటి అభ్యర్థి, "వినడానికి బాగోలేదు" అన్నాడు. ఎంత నిండైన జవాబు! ఫుల్ మార్కులు వేశాం. రెండో ఆవిడ తెలుగావిడ. లేచి బోర్డు మీద గీత గీసింది. 'హావ్' వాడితే ఆ కాలం ఇప్పటిదాకా తెరిచి ఉన్నట్టు, 'యెస్టర్డే' అనగానే దానికి తలుపేసేసినట్టు, రెండూ ఒకే వాక్యంలో ఇమడవని చూపించింది. అక్కడితో ఆగిందా? పడమరకి వెస్ట్, తొడుక్కునేదానికీ వెస్ట్, మన పిల్లలకు రెండూ ఒకటే ఎందుకవుతాయో కూడా చెప్పింది. (ఒకేలా రాశానని అచ్చుతప్పు అనుకోకండి, మన అక్షరమాలలో ఉన్నది ఒక్క 'వ'నే.) మొదటిదానికి పెదాలు సున్నా చుట్టాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. "ఇది పట్టుబడడానికి నాకే పదేళ్లు పట్టింది, నేనూ తప్పే పలికేదాన్ని" అని నవ్వింది.

సంఘంలో నలుగురమూ ఎవరికీ కనబడకుండా పళ్లు పెదవికి ఆనించి చూసుకున్నాం. ముందుగా తేరుకున్నది అధ్యక్షుడు. తప్పులు చేశానని తన నోటితోనే ఒప్పుకున్న మనిషిని ఎలా తీసుకుంటాం అన్నాడు. నిజమే కదా. మొదటి అభ్యర్థికే నియామక ఉత్తరం రాశాం. పంపేముందు అందులో ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో ఒక్కసారి చూసిపెట్టమని ఆవిడనే అడిగాం.